అల్యూమినియానికి రంగు వేసేముందు నీళ్లు పోసి చూడండి

విజయవాడ ఆటోనగర్‌లో మా షెడ్డుకు డ్రోన్ ఫ్రేములు పెయింటింగ్‌కు వస్తుంటాయి. విమానాల్లో వాడే 2024, 7075 రకాల అల్యూమినియమే ఎక్కువ. 2024 రకంలో సుమారు 4 శాతం రాగి ఉంటుంది. బలం దానివల్లే, తుప్పు బెడదా దానివల్లే.

ముందు జిడ్డు తీయండి, తర్వాతే రుద్దండి. తిరగేస్తే నూనెను లోహానికి పట్టించినట్టే. తెల్లగుడ్డను అసిటోన్‌లో తడిపి ఒకే దిక్కుకు తుడవండి. అది ఆరేలోపే పొడిగుడ్డతో ఎత్తేయండి, లేదంటే కరిగిన జిడ్డు మళ్లీ అక్కడే పేరుకుంటుంది. రుద్దడానికి స్కాచ్‌బ్రైట్ చాలు. ఇనప పీచు మాత్రం వద్దు, దాని రేణువులు ఇరుక్కున్న చోటే తుప్పు మొదలవుతుంది.

నేను పట్టుబట్టేది నీళ్ల పరీక్ష దగ్గర. కడిగిన ముక్కను నిలువుగా పట్టుకుని డీమినరలైజ్డ్ (లవణాలు తీసేసిన) నీళ్లు పోయండి. పొర ఎక్కడా తెగకుండా 30 సెకన్లు నిలవాలి. తామరాకు మీద బొట్టులా ముడుచుకుంటే ఇంకా జిడ్డుంది. ఒకసారి మా కుర్రాడు గ్లౌజు లేకుండా పట్టుకున్న చోట, సరిగ్గా బొటనవేలంత మేర నీళ్లు విడిపోయాయి. మొదటి నుంచి మళ్లీ చేశాం.

తర్వాత లోహం మీది ఆక్సైడ్ పొరను తీసే డీఆక్సిడైజర్, కడుగుడు, ఆపై తుప్పును ఆపి రంగు పట్టేలా చేసే అలోడిన్ 1200 లాంటి క్రోమేట్ పూత. లేత బంగారు రంగు రావాలి. గోధుమరంగుకు తిరిగి పొడిపొడిగా రాలితే ఎక్కువసేపు ఉంచారన్నమాట. తడి పూత మెత్తగా ఉంటుంది, తుడవకండి. ఆ ద్రావణంలోని క్రోమియం క్యాన్సర్ తెస్తుంది కాబట్టి గ్లౌజులు, కళ్లద్దాలు, రెస్పిరేటర్ తప్పనిసరి. వాడిన ద్రావణం కాలువలో పోయకూడదు.

ఆరాక ఆ రోజే ప్రైమర్ (రంగుకు ముందు వేసే అడుగుపూత) కొట్టేయండి. వానాకాలం కృష్ణ ఒడ్డు గాలిలో రాత్రంతా వదిలేసిన ముక్కను నేను నమ్మను.