అట్టపెట్టెతో లైట్ టెంట్: కొమ్ము, ఇత్తడి, డోక్రా బొమ్మల ఫొటోల కోసం

ఒడిశాలోని పర్లాకిమిడిలో పశువుల కొమ్ముతో చేసే కొంగ బొమ్మను ట్యూబులైటు కింద పెట్టి ఫోనుతో తీస్తే మెడ పొడవునా ట్యూబులైటే కనిపిస్తుంది. కడుపు మీద కిటికీ, దాని పక్కన ఫోను పట్టుకున్న చెయ్యి. అక్కడి బెల్లగుంఠలో చేసే, ఒళ్లు వంగే ఇత్తడి చేపదీ అదే అవస్థ, ఒక్కో పొలుసూ ఒక్కో చిన్న అద్దం. బరంపురంలోనో రాయగడలోనో ఉండి వాట్సాప్‌లో సరుకు అమ్మేవాళ్లకి బేరం జారిపోయేది ఇక్కడే. చేతిపని ఎంత నాణ్యంగా ఉన్నా కొనేవాడి కంట పడేది ఆ ఫొటో ఒక్కటే.

మెరిసే వస్తువు చుట్టూ ఏముంటే అదే చూపిస్తుంది. అందుకే దాని చుట్టూ తెల్ల గోడలు కట్టి, ఆ గోడలనే దీపాలుగా వాడుకుంటాం. లైట్ టెంట్ అంటే ఇదే. ఉత్త బల్బు వెలుగు వస్తువు మీద చుక్కలా మెరుస్తుంది, నీడ కత్తితో కోసినట్టు పడుతుంది. అదే బల్బు ముందు అడుగు వెడల్పు తెల్ల కాగితం అడ్డం పెడితే కాగితమంతా వెలిగి నీడ అంచులు కరిగిపోతాయి. ఇది గుర్తుంటే కింద చెప్పే కొలతల్లో ఏది ఎంత మార్చుకోవచ్చో మీకే తెలుస్తుంది.

ఆరంగుళాల లోపు వస్తువులకి అన్ని వైపులా 18 అంగుళాలుండే అట్టపెట్టె సరిపోతుంది. వస్తువు పెట్టెలో మూడో వంతు మించకూడదు. మించితే గోడలు మరీ దగ్గరై వాటి అంచులూ మూలలూ వస్తువు మీదే కనిపిస్తాయి. పెట్టెని మూత మీ వైపు ఉండేలా పడుకోబెట్టి మూతరెక్కలు కోసేయండి. పైభాగం, ఎడమ, కుడి, ఈ మూడు వైపులా అంచు నుంచి రెండంగుళాలు వదిలి కిటికీలు కొయ్యండి. వెనక గోడ, నేల జోలికి వెళ్లొద్దు. కోసిన అట్టముక్కల్ని రెండంగుళాల పట్టీలుగా చేసి లోపలి మూలల్లో ఫెవికాల్‌తో అంటిస్తే పెట్టె ఊగదు.

ఇక్కడ చాలామంది ఒక పని వదిలేస్తారు. లోపల మిగిలిన గోధుమరంగు అట్టంతా తెల్ల కాగితంతో కప్పాలి. కప్పకపోతే ఆ రంగు వెలుగులో కలిసి తెల్ల నేల పసుపు తిరుగుతుంది, ఆ తప్పు బల్బు మీదకి పోతుంది. సున్నం మాత్రం వెయ్యకండి. పెట్టె కదిలినప్పుడల్లా పొడి రాలుతుంది, నల్లటి కొమ్ము మీద ప్రతి రేణువూ లెక్కపెట్టొచ్చు.

కిటికీలకి ట్రేసింగ్ పేపరుగానీ పల్చటి తెల్ల నూలుబట్టగానీ బయటి నుంచి వెయ్యండి. పాత తెల్ల పంచె బాగా పనికొస్తుంది, కానీ నీలం మందు పెట్టి ఉతికింది వద్దు. దానిలోంచి వచ్చే వెలుగు నీలి ఛాయ పట్టి, ఇత్తడి చచ్చిన రంగులో కనిపిస్తుంది. బట్ట బిగించేటప్పుడు నులకమంచం బిగించినట్టే, ముందు ఎదురెదురు అంచుల మధ్యలో టేపు వేసి చివరికి మూలలకి రండి. మూలల నుంచి మొదలుపెడితే మధ్యలో ముడతలు మిగులుతాయి, ఆ ముడతలు ఇత్తడి మీద చారల్లా తేలతాయి. పాలిథిన్ కవరు వాడొద్దు. వెలుగు దానిలో సరిగ్గా చెదరదు, వెనక బల్బు ఆకారం తెలిసిపోతుంది. సరిపోయిందో లేదో చూడాలంటే బల్బుని బట్టకి అడుగు దూరంలో వెలిగించి పెట్టె లోపల నుంచి చూడండి. బల్బు గుండ్రంగా కనిపిస్తే ఇంకో పొర వెయ్యాలి. పొర పెరిగినకొద్దీ వెలుగు తగ్గుతుంది కాబట్టి రెండు పొరల దగ్గర ఆగి, అవసరమైతే బల్బుని ఇంకాస్త వెనక్కి జరపండి.

నేలకీ వెనక గోడకీ కలిపి ఒకే చార్ట్ పేపరు వెయ్యాలి. షాపులో దొరికే 22 × 28 అంగుళాల షీటుని 17 అంగుళాల వెడల్పుకి కోసి, 28 అంగుళాల పొడవు అలాగే ఉంచండి. వెనక గోడ మీద 13 అంగుళాల ఎత్తులో పై అంచు అంటించి, కింద మూలలో నొక్కకుండా వంపు తిరగనిస్తే ముందు అంచు దాకా దాదాపు సరిపోతుంది. వంపు ఆరంగుళాల చుట్టుకొలత గిన్నె అంచులా బిగుసుకుపోకూడదు, అన్నం వండే పెద్ద డేక్సా ఒంపులా సాఫీగా ఉండాలి. చార్టు కొన్నప్పుడు మడత పెట్టించుకోకండి, చుట్టించుకోండి. పడ్డ మడత ఏం చేసినా పోదు, ఫొటోలో గోడకీ నేలకీ మధ్య గీతై కూచుంటుంది. వర్షాకాలంలో చార్టు తేమ పీల్చి అలల్లా లేస్తుంది. పని అవగానే తీసి చుట్టి పెట్టుకోవడమే దారి.

బల్బులు మూడు: పక్కలకి 12 వాట్ల ఎల్‌ఈడీలు రెండు, పైన 9 వాట్లది ఒకటి. మూడూ ఒకే కంపెనీవి, డబ్బా మీద 6500 కె అని ఉన్నవి తీసుకోండి. పాత ఫిలమెంటు బల్బులు ఎంత చవగ్గా దొరికినా వద్దు, వాటి వేడికి కాగితం కమిలిపోతుంది, అంటుకునే ప్రమాదమూ ఉంది. ఫొటో తీసేటప్పుడు గదిలో ట్యూబులైటు ఆపి కిటికీ మూసెయ్యండి. రెండు రకాల వెలుగు కలిస్తే వస్తువుకి ఒక పక్క నీలం, ఇంకో పక్క పసుపు వస్తుంది. ఫోనులో రంగు సరిచేసినా ఒక పక్కే సరవుతుంది.

ఫోనుని స్టాండు మీద, వస్తువుకి రెండు మూడు అడుగుల దూరంలో పెట్టి 2 ఎక్స్ జూమ్ వాడండి. దగ్గరికి వెళ్లి తీస్తే కొమ్ము దువ్వెనకి ముందు పళ్లు లావుగా, వెనక పళ్లు సన్నగా వస్తాయి. ఫ్లాష్ ఆపండి, మూడు సెకన్ల టైమరు పెట్టండి. ప్రో మోడ్ (అన్నీ మనమే సెట్ చేసుకునేది) ఉంటే ఐఎస్ఓ (వెలుగుని పట్టే సున్నితత్వం) 100, షట్టరు (వెలుగు లోపలికి వచ్చే సమయం) సెకనులో 1/50 వంతు దగ్గర మొదలుపెట్టండి. మన కరెంటు 50 హెర్ట్జ్, చవకరకం ఎల్‌ఈడీలు సెకనుకి వందసార్లు మినుకుతాయి. 1/50 గానీ 1/100 గానీ పెడితే మినుకులు పూర్తిగా లెక్కలో పడతాయి. అంతకంటే వేగంగా తీస్తే ఫొటోలో అడ్డంగా నల్ల పట్టీలు రావచ్చు.

తెల్ల నేల బూడిదరంగులో వస్తే బల్బు పెంచకండి. ఆటోలో తీస్తుంటే, ఎక్కువ తెలుపు కనిపించగానే ఫోను వెలుగు ఎక్కువైందనుకుని తగ్గించేస్తుంది. వస్తువు మీద వేలు నొక్కి ఫోకస్ లాక్ చేసి, ఎక్స్‌పోజర్ గీతని +0.7 నుంచి +1 దాకా పెంచండి. వైట్ బ్యాలెన్సు (తెలుపు తెల్లగా వచ్చేలా ఫోను చేసే రంగు సర్దుబాటు) కూడా ఆటోలో వదలొద్దు. ఇత్తడి పసుపుని తప్పనుకుని ఫోను దాన్ని పాలిపోయేలా చేస్తుంది. ఖాళీ పెట్టెలోని తెల్ల చార్టు చూపించి ఒకసారి సెట్ చేస్తే ఆ పూటకంతా అదే చాలు.

ఇంత చేసినా ఇత్తడి చేప పొట్ట మీద ఒక నల్ల మచ్చ మిగులుతుంది. అది మీ ఫోనూ, ఫోను వెనక మీ చొక్కా. పెట్టె ముందు భాగానికి తెల్ల అట్ట అడ్డంపెట్టి, లెన్స్ పట్టేంత కన్నం చేసి దానిలోంచి తియ్యండి. గోడకి ఆకుపచ్చ డిస్టెంపర్ వేసిన గదుల్లో ఈ అట్ట తప్పనిసరి, లేకపోతే చేప తల కాస్త పచ్చగా వస్తుంది.

అన్ని వైపులా ఒకేలా వెలుగు పెడితే చేప వెలిగే రేకుముక్కలా చదునుగా ఉంటుంది, వంగే ఒంటి వంపులు తెలియవు. ఎడమ బల్బు ఆపి, అక్కడ రెండంగుళాల వెడల్పు నల్ల అట్టపట్టీ ఫొటోలో పడకుండా నిలబెట్టండి. ప్రతి పొలుసు పక్కనా సన్నటి నల్ల గీత పడి చేప గుండ్రం తేలుతుంది. నల్ల కొమ్ముకి నేల కూడా మార్చాలి. తెల్ల చార్టు మీద దాని అంచులు పాలు కలిపినట్టు వెలిసిపోతాయి, లేత బూడిదరంగు చార్టు మేలు. పక్క బల్బులు రెండూ ఆపి పైబల్బు ఒక్కటే ఉంచి, కొంగని కొద్దికొద్దిగా తిప్పుతూ చూడండి. తల నుంచి మెడ మీదుగా వీపు దాకా తెగకుండా ఒకే తెల్ల గీత వచ్చిన చోట ఆపండి. మెరుగుపెట్టిన చెయ్యి ఎంత సాఫీగా నడిచిందో ఆ గీతలో కనిపిస్తుంది. పల్చటి కొమ్ము దువ్వెనకైతే పైబల్బుని కాస్త వెనక్కి జరిపి వెనక నుంచి వెలుగు పోనిస్తే లోపలి తేనెరంగు చారలు బయటపడతాయి.

డోక్రా బొమ్మలకి ఈ మెత్తదనం పనికిరాదు. మట్టి అచ్చు మీద మైనపు తీగలు చుట్టి, మైనం కరిగిపోయిన చోట లోహం పోసిన పని కాబట్టి ఆ తీగల గీతలే దాని అందం, అవి నీడలోనే కనిపిస్తాయి. ఒక పక్క బల్బు మాత్రం ఉంచి, కిందకి దించి, ఎదుటి గోడ మీద నల్ల కాగితం వెయ్యండి.

పెట్టెలో పెట్టేముందు కొమ్ముని మెత్తటి పాత నూలుబట్టతో తుడిచి, ఆ తర్వాత బట్టతోనే పట్టుకోండి. వేలిముద్రలు కంటికి ఆనకపోయినా ఫొటోలో ఆనతాయి. నూనె రాసి మెరిపించొద్దు, చారలు పడతాయి. ఏడాదికోసారి కిటికీ పక్కన కొత్త ట్రేసింగ్ పేపరు ముక్క ఒకటి పెట్టి పోల్చండి. పాతది పసుపు తిరిగినట్టుంటే మూడు కిటికీలకీ ఒకేసారి మార్చండి.