స్కౌట్ క్యాంపు సొంతంగా వేయడం – 4వ పాఠం: విమానాశ్రయం చేరువలో రెండు రాత్రులు

పోయిన పాఠం చివర, క్యాంపుకు రోజుకు ఎన్ని నీళ్లు కావాలి, కడుక్కోవడానికి 200 లీటర్ల డ్రమ్ము ఒక్కటి చాలుతుందా అని అడిగాను. ఆ లెక్కతో మొదలుపెడదాం. స్కౌట్లు 24 మంది, పెద్దలు ముగ్గురు, మొత్తం 27 మంది. మనిషికి రోజుకు తాగడానికి 4 లీటర్లు, వంటకు 3, కడుక్కోవడానికి 8 లీటర్ల చొప్పున వేసుకుంటే రోజుకు 405 లీటర్లు కావాలి. అందులో తాగేవీ వంటవీ కలిపి 189 లీటర్లు, అంటే 20 లీటర్ల క్యాన్లు పది. మిగిలిన 216 లీటర్లకు 200 లీటర్ల డ్రమ్ము ఒక్కటి చాలదని గమనించినవారి జవాబు సరైనది. ఒకటి చాలులెమ్మని రాసినవారు రాత్రి భోజనాల తర్వాత ఎండిపోయిన సంగటి గిన్నెలను ఏ నీళ్లతో తోమిస్తారో చెప్పాలి.

ఈ పాఠంలో ఆ 24 మందినే తీసుకుని ఒక చిన్న విమానాశ్రయం చేరువలో రెండు రాత్రుల క్యాంపును పథకం వేసుకుందాం. ఉదాహరణకు కర్నూలు జిల్లా ఓర్వకల్లును తీసుకుంటున్నాను. అక్కడి విమానాశ్రయం 2021 మార్చి 25న ప్రారంభమైంది. రన్‌వే పొడవు 2000 మీటర్లు. దానికి ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు పెట్టారు. కర్నూలు నుంచి నంద్యాల వెళ్లే జాతీయ రహదారి మీదుగా బస్సులో సులువుగా చేరుకోవచ్చు. రాక్ గార్డెన్ కూడా దగ్గరే. కడప వారు తమ విమానాశ్రయానికీ, అనంతపురం వారు పుట్టపర్తికీ ఈ పాఠాన్ని అన్వయించుకోవచ్చు, ఎందుకంటే స్థలం మారినా ఆలోచించే వరుస మారదు.

ముందుగా ఒక అపోహను తొలగించుకోవాలి. విమానాశ్రయంలో క్యాంపు అనగానే పిల్లలు రన్‌వే పక్కన గుడారాలను ఊహించుకుంటారు. ప్రహరీ లోపలిదంతా భద్రతా ప్రాంతం కాబట్టి అక్కడ రాత్రి బస చేయడానికి అనుమతి అడగడమే అనవసరం. మన క్యాంపు బయట, దగ్గరి ఊళ్లోని బడి మైదానంలోనో, పంచాయతీ స్థలంలోనో ఉంటుంది. లోపల అడగవలసింది పగటిపూట గంట, గంటన్నర సందర్శన మాత్రమే.

ఉత్తరాలు

విమానాశ్రయ డైరెక్టరు కార్యాలయానికి రాసే ఉత్తరం బడి లెటర్‌హెడ్‌ మీద, ప్రధానోపాధ్యాయుల సంతకంతో, కనీసం నెల ముందు వెళ్లాలి. పిల్లల పేర్లు, వయసులు, గుర్తింపు కార్డుల నకళ్లు, వెంట వచ్చే పెద్దల ఫోను నంబర్లు జతచేసి, సందర్శనకు ఏ రోజు, ఏ వేళ అనువుగా ఉంటుందో వారినే నిర్ణయించమని కోరాలి. మనమే వేళ నిర్ణయించి రాస్తే సగం ఉత్తరాలు అక్కడే ఆగిపోతాయి. ఆ ఉత్తరంలోనే మన క్యాంపు స్థలం ఎక్కడో, నెగడు ఎప్పుడు వేస్తామో తెలియజేసి, ఆ రెండు రోజుల్లో విమానాలు వచ్చిపోయే వేళలు అడగాలి. సందర్శనకు అనుమతి రాకపోయినా ఈ సమాచారం మనకు అవసరం.

భాష విషయంలో ఒక జాగ్రత్త. మన నోళ్లలో ‘పెట్రోల్’ అంటే ఆరు నుంచి ఎనిమిది మంది స్కౌట్ల జట్టు. నేను మొదటిసారి రాసిన ఉత్తరంలో ‘నాలుగు పెట్రోళ్లతో వస్తున్నాము’ అని ఉండటంతో, గేటు దగ్గర ఉన్న ఉద్యోగి ఇంధనం ఎందుకు తెస్తున్నారని నిజంగానే అడిగారు. అప్పటి నుంచి బయటి వారికి రాసేటప్పుడు ‘జట్లు’ అనే రాస్తున్నాను.

పంచాయతీకి, స్థానిక పోలీసు స్టేషనుకు, మన జిల్లా స్కౌట్ అసోసియేషనుకు రాసే ఉత్తరాలూ, తల్లిదండ్రుల అంగీకార పత్రాలూ రెండో పాఠంలో చెప్పుకున్నవే.

స్థలం

దిగే విమానం సాధారణంగా 3 డిగ్రీల వాలులో వస్తుంది. అంటే రన్‌వే మీద అది నేలను తాకే చోటికి కిలోమీటరు దూరంలో అది నేల నుంచి సుమారు 52 మీటర్ల ఎత్తున ఉంటుంది. మూడు కిలోమీటర్ల దూరంలో సుమారు 157 మీటర్లు. ఈ లెక్క పిల్లలచేత నోటుబుక్కులో వేయించండి, ఎందుకంటే స్థలం ఎంపిక అంతా దీని మీదే ఆధారపడి ఉంది. రన్‌వేకు సూటిగా, దాని కొసలకు ఎదురుగా ఉన్న పొలాల్లో క్యాంపు వేస్తే మన పొగ, మన వెలుగు, మన వంట చుట్టూ చేరే పక్షులు అన్నీ పైలట్ దారిలోనే ఉంటాయి. రన్‌వేకు పక్కవాటుగా, రెండు మూడు కిలోమీటర్లు ఎడంగా ఉన్న స్థలమే మంచిది. విమానాలు చూడడానికి అక్కడి నుంచి నడిచి వెళ్లవచ్చు.

స్థలం దొరికాక మొదట చేయవలసిన పని గుడారాలు దించడం కాదు, గాలిని చూడడం. పాత ఫుల్‌హ్యాండ్ చొక్కా చెయ్యి ఒకటి కత్తిరించి, భుజం వైపు మూతికి తీగతో చుట్టు కుట్టి, చేతిపట్టీ బొత్తాము విప్పి ఉంచి, స్కౌట్ కర్ర చివర తాడుతో వేలాడదీస్తే అదే మన విండ్‌సాక్. విమానాశ్రయంలో ఉండేదీ ఇదే, కాకపోతే పెద్దది, పొడవు 3.6 మీటర్లకు తక్కువ ఉండదు. అది గంటకు సుమారు 28 కిలోమీటర్ల గాలికి పూర్తిగా చాచుకుని నిలుస్తుంది. మన చొక్కా చెయ్యికి అంత ఖచ్చితం లేకపోయినా, పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం మూడుసార్లు చూసి దిక్కు రాసుకుంటే గాలి ఎటు తిరుగుతున్నదో తెలిసిపోతుంది.

విమానం గాలికి ఎదురుగా లేస్తుంది, ఎదురుగానే దిగుతుంది. అందుకే రన్‌వే వేసేవారు ఆ ప్రాంతపు గాలుల లెక్క చూసి దాని దిశ నిర్ణయిస్తారు. క్యాంపు పటం కూడా గాలిని బట్టే గీయాలి. చలికాలంలో మా వైపు గాలి ఎక్కువగా తూర్పు, ఈశాన్యాల నుంచి వస్తుంది. కాబట్టి గుడారాలు తూర్పున, వాటికి పడమరగా, గాలివాలున పొయ్యిలు, ఇంకా పడమరగా, కనీసం 50 మీటర్ల దూరంలో మరుగుదొడ్లు ఉండాలి. గుడారాల ద్వారాలు గాలికి వీపు చేయాలి. ఆ రోజు మీ చొక్కా చెయ్యి వేరే దిక్కు చూపిస్తే ఈ పేరాలోని దిక్కులు మరచిపోయి దాని మాట వినండి.

ఓర్వకల్లు నేల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. నల్లరేగడిలో మేకు ఒక్క దెబ్బకు దిగి, చినుకు పడితే అంత సులువుగానూ ఊడి వస్తుంది. ఇక్కడ అది తిరగబడుతుంది: పైన బెత్తెడు గరుసు మట్టి, దాని కింద పలుగురాయి. మేకు దిగదు, సుత్తితో మరీ కొడితే వంగుతుంది. అలాంటి చోట మేకులు సంచిలోనే ఉంచి, మూరెడు పొడవున్న రాయిని ఎంచుకుని, గుడారం తాడును దాని నడుముకు క్లవ్ హిచ్ అనే ముడితో బిగించి, ఆ రాయిని తాడుకు అడ్డంగా పడుకోబెట్టి, గుడారం వైపున దానికి ఆనించి, తాడు మీద పడకుండా ఇంకో రెండు బరువైన రాళ్లు పెట్టాలి. తాడు లాగిన కొద్దీ మొదటి రాయి వాటికి అదుముకుంటుంది. రాయిని ఎత్తేటప్పుడు మన వైపు అంచు నేలకు ఆనించి ఉంచి, అవతలి అంచునే ముందుగా లేపాలి; కింద తేలు ఉంటే అది అవతలికి పోతుంది. చేతులతో కాకుండా కర్రతో లేపడం ఇంకా మేలు. తిరుగు ప్రయాణం రోజు ఏ రాయి ఎక్కడిదో అక్కడే పెట్టించండి.

వంట, ఎంగిలి

ఈ పాఠంలో అన్నిటికంటే ముఖ్యమైన భాగం ఇదే. విమానాశ్రయాలకు పక్షులతో ఉన్న భయం చిన్నది కాదు. ఒక్క గద్ద ఇంజనులో పడితే చాలు. అందుకే 1937 నాటి విమాన నియమాల్లో 91వ నియమం, విమానాశ్రయ కేంద్ర బిందువు నుంచి 10 కిలోమీటర్ల లోపల పశువులను కోయడాన్నీ, పక్షులను ఆకర్షించే చెత్తాచెదారం పడేయడాన్నీ నిషేధించింది. రెండు మూడు కిలోమీటర్ల ఎడంలో ఉన్న మన క్యాంపు ఆ వలయం లోపలే ఉంటుంది.

నాకు ఈ నియమం తెలియకముందు ఒక క్యాంపులో మొదటి రాత్రి కోడికూర పెట్టించాను. ఎముకలూ మిగిలిన అన్నమూ వేయడానికి గుంత తవ్వించాను కానీ, పొద్దున పూడుద్దాంలెమ్మని అలాగే వదిలేశాను. తెల్లవారి పిల్లలు దంతధావనం చేస్తుండగా ఆకాశంలో మొదట రెండు గద్దలు, కాసేపటికి పది పన్నెండు తిరగసాగాయి. గుంత దగ్గర కుక్కలు ఎముకలు లాక్కుంటున్నాయి. అరగంటలో విమానాశ్రయం నుంచి ఒక ఉద్యోగి మోటారుసైకిలు మీద వచ్చి, కోపం లేకుండా, పిల్లలందరినీ నిలబెట్టి ఆ గద్దలను చూపిస్తూ, ఆ ఎత్తునే మరో రెండు గంటల్లో విమానం దిగుతుందని చెప్పి వెళ్లారు. తప్పు నాదే. ఆ తర్వాత ఏ క్యాంపులోనూ నేను మాంసం వండించలేదు.

శాకాహారమని పిల్లలు మొహం చిట్లించకుండా మా వైపు కావలసినన్ని వంటలున్నాయి. పొద్దున ఉగ్గాణి, మిరపకాయ బజ్జి. మధ్యాహ్నం జొన్నరొట్టె, గోంగూర పప్పు, చెనిక్కాయల పొడి. రాత్రి రాగిసంగటి, వంకాయ పులుసు. బొరుగులు తేలిక కాబట్టి ఉగ్గాణి క్యాంపుకు సరిగ్గా సరిపోతుంది. 27 మందికి కొలతలు అయిదో పాఠంలో ఇస్తాను. వడ్డన కొద్దికొద్దిగా, అడిగినకొద్దీ పెట్టాలి. ఎంగిలి తగ్గించడానికి ఇంతకంటే మంచి పద్ధతి లేదు. మిగిలినది మూతపెట్టే డబ్బాలో వేసి, అదే పూట ఊళ్లో పశువులున్న ఇంటికి అందజేయాలి. ఆ పని ప్రతి పూట ఒక జట్టుకు అప్పగించి, పని పూర్తయినట్టు జట్టు నాయకుడిచేత పుస్తకంలో సంతకం పెట్టించాలి.

పాల ప్యాకెట్లు, చిప్స్ కవర్లు ఇంకో బెడద. గాలికి లేచిన కవరు ప్రహరీ దాటి రన్‌వే మీద పడవచ్చు. కవర్లన్నీ గోనెసంచిలో వేసి మూతి కట్టాలి. గాలిపటాలు, డ్రోన్లు, ఆకాశదీపాలు, జాతరల్లో అమ్మే లేజర్ లైట్లు వద్దని తల్లిదండ్రులకు ఇచ్చే పత్రంలోనే రాయండి. సంక్రాంతి సెలవుల్లో క్యాంపు పెట్టేవారు బయలుదేరే ముందు సంచులు ఒకసారి తెరిపించి చూడడం మంచిది.

రెండో రోజు పొద్దున చేయించవలసిన అభ్యాసం

రన్‌వే కొసల మీద రాసే అంకెలు అయస్కాంత దిక్సూచి చూపించే డిగ్రీలే. పదికి సవరించి చివరి సున్న తీసేస్తారు. శంషాబాద్‌లో ఒక కొసన 09, మరో కొసన 27 ఉంటుంది, అంటే 90 డిగ్రీలు, 270 డిగ్రీలు. రెండింటి మధ్య తేడా ఎప్పుడూ 18. అక్కడ సమాంతరంగా రెండు రన్‌వేలు ఉండటం వల్ల ఆ అంకెల పక్కన ఎడమ, కుడి తెలిపే అక్షరం కూడా రాస్తారు.

స్కౌట్లను ప్రహరీ బయటి దారి మీదకు తీసుకెళ్లి, రన్‌వే పొడవు ఎటు ఉందో దిక్సూచితో కొలిపించండి. ఇనుప కంచెకు ఆనుకుని నిలబడి కొలిస్తే ముల్లు పక్కకు లాగేస్తుంది కాబట్టి పది పదిహేను అడుగులు వెనక్కి వచ్చి కొలవాలి. చేతికున్న కడియం, నడుముకున్న కత్తి కూడా తీసి పక్కన పెట్టించాలి. నాలుగు జట్లూ విడివిడిగా అంకెలు రాసి కాగితం మడిచి మీ చేతికి ఇవ్వాలి. సందర్శనకు అనుమతి వచ్చి ఉంటే అసలు అంకె అక్కడి ఉద్యోగినే అడగవచ్చు. నాలుగు కాగితాలూ అప్పుడే విప్పండి. లోపల ఫొటోలు తీయకూడదని, వరుస తప్పకూడదని ముందు రాత్రే చెప్పి ఉంచాలి.

నెగడు రెండో రాత్రి మాత్రమే, చివరి విమానం వెళ్లిపోయాక, మోకాలి ఎత్తు మించకుండా వేయాలి. పచ్చికట్టెలు పొగ పెడతాయి, వాడవద్దు. 1847 ఫిబ్రవరి 22న కోవెలకుంట్లలో ఉరికంబమెక్కిన నరసింహారెడ్డి కథ ఆ రాత్రి చెప్పించవచ్చు; పొద్దున తాము చూసిన విమానాశ్రయం బోర్డు మీది పేరు ఎవరిదో పిల్లలకు అప్పుడు తెలుస్తుంది. కథ అయ్యాక బూడిద మీద నీళ్లు పోసి, కలిపి, మళ్లీ పోసి, చేతి వెనుకభాగంతో వేడి లేదని చూసుకునే పడుకోవాలి.

వచ్చే పాఠానికి మీ పని

మీకు దగ్గరి మైదానం ఒకటి ఎంచుకుని, చొక్కా చేతితో విండ్‌సాక్ తయారు చేసి, మూడు రోజులు, రోజుకు మూడుసార్లు గాలి దిక్కు రాసుకోండి. ఆ తొమ్మిది లెక్కలను బట్టి నాలుగు గుడారాలు, రెండు పొయ్యిలు, మరుగుదొడ్లు, నెగడు ఎక్కడ ఉండాలో ఒక పటం గీయండి. తొమ్మిదింటిలో ఆరుసార్లు గాలి తూర్పు నుంచి, మూడుసార్లు నైరుతి నుంచి వస్తే పొయ్యిలు ఎక్కడ పెడతారో, ఎందుకో రెండు వాక్యాల్లో రాయండి.