పాలు హాలైన దారిలో: తెలుగువారు కన్నడ నేర్చుకునే పద్ధతి

బెంగళూరులో పదేళ్ళు కాపురముండి కూడా కన్నడలో నాలుగు మాటలు కలపలేని తెలుగువారిని నేను చాలామందిని చూశాను. తెలివి చాలక కాదు, వారికి ఆ అవసరమే పడలేదు. కూరగాయల అంగడిలోనూ ఆటోలోనూ ఎదుటివారికి తరచుగా ఎంతో కొంత తెలుగు వచ్చి ఉంటుంది. మన యాస చెవిన పడగానే వారు మర్యాదకొద్దీ తెలుగులోకి మారిపోతారు. నేనూ మొదటి రెండేళ్ళు ఆ మర్యాద నీడలోనే గడిపాను. ఆశ్రయమిచ్చిన ఊరి భాషను నేర్చుకోవడం మన బాధ్యత అని నా నమ్మకం. తెలుగువారికి అది ఎంత దగ్గరి దారో తెలియక చాలామంది మొదలుపెట్టడం లేదు కాబట్టి, ఆ దారిని ఇక్కడ వివరిస్తున్నాను.

ముందుగా లిపిని పట్టుకోవాలి. తెలుగు, కన్నడ లిపులు శతాబ్దాల పాటు ఒకే లిపిగా సాగి, సుమారు 13వ శతాబ్దం నుంచి 15వ శతాబ్దం లోపున క్రమంగా వేరుపడ్డాయి. అందువల్ల గ, జ, డ, ద, న, బ, ర, ల వంటి అక్షరాలు మనకు చూడగానే పోలిక తెలుస్తాయి. క, త, శ వంటి కొన్నింటిని మాత్రం కొత్తగా నేర్చుకోవాలి. తలకట్టు ఆకారం మారుతుంది, గుణింతం, ఒత్తుల పద్ధతి మనదే. ‘కర్ణ’ వంటి మాటలో రేఫను (ర్ ధ్వనిని) ముందు రాయకుండా పక్కన ఒక గుర్తుగా వేస్తారు. పాత తెలుగు పుస్తకాల్లోని వలపలగిలకను చూసినవారికి అది పరిచయమైన రూపమే. దుకాణాల బోర్డుల మీద కన్నడతో పాటు ఇంగ్లీషు కూడా తరచుగా ఉంటుంది కనుక, ముందు కన్నడను చదివి, తరువాత ఇంగ్లీషు చూసి సరిచూసుకుంటూ రోజూ పది బోర్డులు చదివితే రెండు మూడు వారాల్లో లిపి పట్టుబడుతుంది.

తరువాతి మెట్టు ధ్వనుల మార్పు. నా అనుభవంలో అన్నిటికంటె ఎక్కువ ఫలితమిచ్చేది ఇదే కనుక దీని మీద తొందరపడకుండా కాలం వెచ్చించండి. పాత కన్నడ శాసనాల్లో మాట మొదట ఉండే పకారం సుమారు 10వ శతాబ్దం నుంచి క్రమంగా హకారంగా మారింది. అందుచేత మన పాలు వారికి హాలు, పులి హులి, పాము హావు, పండు హణ్ణు, పంది హంది, పొగ హొగె, పువ్వు హూవు, పది హత్తు, పల్లె హళ్ళి. తుంగభద్రకు పూర్వనామమైన పంప నుంచి హంపె అనే ఊరి పేరు వచ్చింది కూడా ఈ దారిలోనే. అయితే పుస్తక, పాఠ వంటి సంస్కృత పదాలకు ఈ మార్పు వర్తించదు. వాటిలో మన చివరి సున్న మాత్రమే పోతుంది.

రెండవది, మన వకారం చాలాచోట్ల అక్కడ బకారమవుతుంది: వెన్న బెణ్ణె, వేసవి బేసిగె, వెదురు బిదిరు, వెల బెలె, వేప బేవు, వెల్లుల్లి బెళ్ళుళ్ళి. మూడవది, ఇ, ఎ అచ్చుల ముందు తెలుగు చకారంగా మార్చుకున్న పాత కకారాన్ని కన్నడ అలాగే నిలుపుకుంది; మన చెవి వారికి కివి, చెరువు కెరె, చేయి కై. నాలుగవది, కొన్ని మాటల్లో మొదటి అచ్చును తెలుగు హల్లు వెనక్కి నెట్టింది, కన్నడ నెట్టలేదు. అందుకే రెండు ఎరడుగానూ, రోలు ఒరళుగానూ, లోపల ఒళగెగానూ వినిపిస్తాయి. వీధి మలుపులో ‘ఎళనీరు’ (కొబ్బరి బోండాం) అమ్మే బండి దగ్గర ఆగినప్పుడు, ఆ ‘ఎళ’ మన ‘లేత’ అని గుర్తుపట్టగలిగితే ఆ మాట ఇక జన్మలో మరువరు. ఐదవది, ఏడు ఏళు, కోడి కోళి అన్నట్లు మన డకారానికి కొన్నిచోట్ల ళకారం వస్తుంది. ఒక నోటు పుస్తకంలో ఈ ఐదు మార్పులకు ఐదు పుటలు కేటాయించి, విన్న ప్రతి కొత్త మాటను దాని పుటలో రాసుకుంటూ పోవడం మంచి పద్ధతి. జాబితాలు బట్టీ పట్టనక్కరలేదు. మాట ఏ పుటకు చెందుతుందో ఆలోచించే ఆ ఒక్క క్షణమే దాన్ని మనసులో నాటుతుంది.

వాక్యనిర్మాణం గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. ‘నేను ఇంటికి వెళ్తున్నాను’ అనేదాన్ని ‘నాను మనెగె హోగ్తా ఇద్దీని’ అంటారు. వరుస ఎక్కడా చెదరదు. మన కి, కు లకు గె, క్కె; లో కు అల్లి; నుంచి కి ఇంద వస్తాయి. హిందీ నేర్చుకున్నప్పుడు మనల్ని ఇబ్బందిపెట్టే సంగతులు కొన్ని ఇక్కడ అసలే లేవు: లేదు అనడానికి ఇల్ల, కాదు అనడానికి అల్ల, వద్దు అనడానికి బేడ అని మూడు వేరువేరు మాటలు మనకున్నట్లే వారికీ ఉన్నాయి. రండి, చెప్పండి, ఇవ్వండి అనే మర్యాద రూపాలకు బన్ని, హేళి, కొడి సరిపోతాయి. కొత్తవారితో ఎప్పుడూ ఈ రూపాలనే వాడండి.

ఇంత దగ్గరగా ఉన్నందువల్లనే తేడా ఉన్నచోట మనం జారిపడతాము. అన్నిటికంటె ముఖ్యమైనది స్త్రీలను గురించి మాట్లాడే పద్ధతి. తెలుగులో ‘ఆమె వచ్చింది’, ‘బస్సు వచ్చింది’ అని ఒకే క్రియారూపం వాడతాము. కన్నడలో బస్సుకు ‘బంతు’, ఆడపిల్లకు ‘బందళు’, గౌరవించవలసిన స్త్రీకి ‘బందరు’ అని మూడు రూపాలున్నాయి. తెలుగు అలవాటుతో ‘అమ్మ బంతు’ అంటే కన్నడిగుల చెవికి తల్లిని వస్తువుతో సమానం చేసినట్లు వినిపిస్తుంది. పెద్దవారి విషయంలో ఆడ మగ తేడా లేకుండా ‘బందరు’ అనడం అలవాటు చేసుకుంటే ఈ తప్పు చాలావరకు తప్పుతుంది. మేము, మనము అనే భేదం మాత్రం నేటి కన్నడలో లేదు. రెండింటికీ ‘నావు’ ఒక్కటే. భూతకాల రూపాలను సూత్రంతో సాధించబోకండి. బందె (వచ్చాను), హోదె (వెళ్ళాను), తిందె (తిన్నాను), కొట్టె (ఇచ్చాను), తగొండె (తీసుకున్నాను) అంటూ క్రియతో పాటే దాని భూతకాలాన్నీ కలిపి నోటికి తెచ్చుకోవడం మేలు.

ఉచ్చారణలో రెండు జాగ్రత్తలు చాలు. చాప, జాబు వంటి మాటల్లో మనం పళ్ళకు తగిలించి పలికే చ, జ లు కన్నడలో లేవు. ప్రతిచోటా చిలుక, జింక లోని ధ్వనినే పలకాలి. ల, ళ లను వేరుగా పలకకపోతే అర్థమే మారిపోతుంది: హాలు అంటే పాలు, హాళు అంటే పాడు.

ఒకేలా వినిపించి వేరే అర్థమిచ్చే మాటలకు నోటు పుస్తకంలో మరొక పుట కావాలి. ఉదయం ఎవరైనా ‘తిండి ఆయ్తా?’ అంటే ఫలహారం అయిందా అని అడుగుతున్నారు. భోజనానికి వారి మాట ‘ఊట’. ‘అవసర’ అంటే తొందర, కాబట్టి ‘అవసర మాడబేడి’ అన్నప్పుడు అవసరం లేదని కాదు, తొందరపడవద్దని అర్థం. ‘సాకు’ అంటే చాలు. మెట్రో రైల్లో వినిపించే ‘ముందిన నిల్దాణ’ రాబోయే స్టేషను. ఈ ‘ముందిన’ విషయంలో నేను స్వయంగా నష్టపోయాను: బిల్లు ‘ముందిన వార’ అని ఒక దుకాణదారు చెబితే గడిచిన వారం అనుకుని, ఇవ్వనేలేదని ఆయనతో వాదనకు దిగాను. ఆయన చెప్పింది రాబోయే వారం. అంత ఓర్పుగల మనిషితో అకారణంగా గొంతు పెంచినందుకు నాకు ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

ఇవన్నీ తెలిసినా, మొదట చెప్పిన అడ్డంకి దాటకపోతే నోరు తిరగదు. ఎదుటివారు తెలుగులోకి మారిన వెంటనే, ‘ననగె కన్నడ స్వల్ప స్వల్ప బరుత్తె, దయవిట్టు కన్నడదల్లే మాతాడి’ అని అడగండి. నాకు కన్నడ కొద్దికొద్దిగా వస్తుంది, దయచేసి కన్నడలోనే మాట్లాడండి అని దాని భావం. ఇలా అడిగినవారిని విసుక్కున్న మనిషి నాకు ఇంతవరకు తారసపడలేదు. రోజూ కలిసే ఇద్దరిని, పాలు పోసేవారో పొరుగింటివారో ఎవరైనా సరే, ఎంచుకుని వారితో కన్నడ తప్ప మరొకటి మాట్లాడనని నియమం పెట్టుకోండి. అర్థం కానప్పుడు ‘నిధానవాగి హేళి’ అని అడిగి మళ్ళీ చెప్పించుకోండి.

మాట కుదిరిన తరువాతనే పత్రికల వైపు వెళ్ళండి. ‘మాడ్తీని’ (చేస్తాను) అని విన్నది అచ్చులో ‘మాడుత్తేనె’ అని ఉంటుంది. ఉత్తర కర్ణాటకలోని ధారవాడ వైపు వెళితే ‘ఇదె’ (ఉంది) అనే మాట ‘ఐతి’గా వినిపిస్తుంది. బెంగళూరు, మైసూరు ప్రాంతపు మాట స్థిరపడేవరకు ఈ మూడింటినీ కలపకుండా ఉంచి, ఆపైన రోజుకొక వార్తను గట్టిగా చదివి, అదే వార్తను వాడుక కన్నడలో పొరుగువారికి చెప్పడానికి ప్రయత్నించండి.