కెర్నెల్ అప్‌డేట్ తర్వాత హార్డ్‌డిస్క్ మౌంట్ కావట్లేదా? తప్పెక్కడుందో ఇలా పట్టుకోండి

విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమానోత్సవం అయిన మర్నాడు ఫోటో స్టూడియోల్లో ఒకటే హడావుడి. హార్డ్‌డిస్కుల్లోని వీడియో అంతా ఎడిటింగ్ సిస్టమ్‌లోకి ఎక్కాలి. ఆ సిస్టమ్‌లో లినక్స్ ఉండి, అప్పుడే దాని కెర్నెల్ (హార్డ్‌వేర్‌ని నడిపే కీలక భాగం) మారి ఉంటే డిస్క్ మౌంట్ కాకుండా, అంటే తెరుచుకోకుండా మొరాయించొచ్చు. 'రాంగ్ ఎఫ్‌ఎస్ టైప్, బ్యాడ్ ఆప్షన్, బ్యాడ్ సూపర్‌బ్లాక్' అని వచ్చిందనుకోండి, కంగారుపడి ఫార్మాట్ చేసేయకండి. కారణం తెలియనప్పుడు మౌంట్ కమాండ్ వల్లించే దండకం అది.

ముందు డీమెసేజ్ (dmesg) కమాండ్ కొట్టి కెర్నెల్ లాగ్‌లో చివరి లైన్లు చూడండి. విండోస్‌లో వాడిన ఎన్‌టీఎఫ్‌ఎస్ (విండోస్ ఫైల్‌సిస్టమ్) డిస్క్ అయితే 'వాల్యూమ్ ఈజ్ డర్టీ' అని ఉండొచ్చు. అది బగ్ కాదు. 2021లో వచ్చిన 5.15 కెర్నెల్‌లో ఎన్‌టీఎఫ్‌ఎస్3 డ్రైవర్ చేరింది. సరిగా ఎజెక్ట్ చేయకుండా పీకేసిన డిస్క్‌ని ఇది రానివ్వదు. కెర్నెల్ బయట నడిచే పాత డ్రైవర్ ఎన్‌టీఎఫ్‌ఎస్-3జీ చాలాసార్లు చూసీచూడనట్టు పోనిచ్చేది. డిస్క్‌ని విండోస్‌కే పెట్టి చెక్‌డిస్క్‌ని స్లాష్ ఎఫ్‌తో (chkdsk /f) నడిపితే సరిపోతుంది. డర్టీ అయినా మౌంట్ చేసే ఫోర్స్ ఆప్షన్ వేసేయమని సలహా ఇచ్చేవాళ్లుంటారు. ఉన్నది ఒక్క కాపీ అయితే వద్దు; మూడులాంతర్ల గుడికీ కోటకీ మధ్య సిరిమాను తిరగడం మళ్లీ తీయలేరు కదా.

లాగ్‌లో అలాంటిదేమీ లేకపోతే రీబూట్ చేసి, సిస్టమ్ మొదలయ్యేటప్పుడు వచ్చే గ్రబ్ మెనూలో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ నుంచి పాత కెర్నెల్ ఎంచుకోండి. అందులో మౌంట్ అయితే అనుమానం కొత్త కెర్నెల్ మీదే. అయినా ఫైండ్‌మౌంట్ (findmnt) కమాండ్‌తో రెండుచోట్లా ఒకే డ్రైవర్ వాడుతోందో లేదో చూడాలి. 'ఫ్యూజ్‌బీఎల్‌కే' (fuseblk) అని కనిపిస్తే పని చేస్తున్నది కెర్నెల్ డ్రైవర్ కాదు, ఎన్‌టీఎఫ్‌ఎస్-3జీ. అప్పుడు ఆ పోలిక చెల్లదు.

నిజంగా కెర్నెల్ తప్పే అయితే, డీడీరెస్క్యూ టూల్‌తో డిస్క్ ఇమేజ్ (డిస్క్ మొత్తానికి నకలు ఫైల్) తీసి, దాని కాపీని వర్చువల్ మెషీన్‌లో లూప్ డివైజ్‌గా, అంటే ఫైల్‌నే డిస్క్‌లా చూపించి మౌంట్ చేయండి. అక్కడా అదే ఎర్రర్ వస్తే సగం పని అయినట్టే. ఇక గిట్ బైసెక్ట్, అంటే కెర్నెల్ సోర్స్ మార్పుల్ని సగం సగం చేస్తూ తప్పు వెతికే కమాండ్: మంచి కెర్నెల్ ఇది, చెడ్డది ఇది అని చెబితే మధ్యలోది ఇస్తుంది. బిల్డ్ చేసి, పరీక్షించి, ఫలితం చెప్పడమే. పదహారు వేల మార్పులున్నా పద్నాలుగు బిల్డుల్లో దోషి దొరుకుతుంది. ఓపిక కావాలి, కరెంటు కూడా ఉండాలి.

దొరికిన కమిట్ (మార్పు) హ్యాష్, అంటే దాని గుర్తింపు కోడ్, కెర్నెల్ లాగ్, ఇమేజ్‌తో బగ్ రప్పించే పద్ధతి కలిపి ఆ ఫైల్‌సిస్టమ్ మెయింటైనర్‌కి (దాని కోడ్ చూసుకునేవారికి) మెయిల్ పెట్టండి. ఎవరికన్నది సోర్స్‌లోని మెయింటైనర్స్ ఫైల్‌లో ఉంటుంది. ప్యాచ్ (సవరణ కోడ్) కూడా మీరే రాస్తే, కింద 'ఫిక్సెస్' లైన్‌లో ఆ హ్యాష్ మొదటి 12 అక్షరాలూ, కమిట్ శీర్షికా వేయడం మరవకండి.