అడవికి తీసుకెళ్లే కత్తి – పాఠం 2: పిడి లోపల ఏముంది?

పోయిన పాఠంలో అలుగు కొలతలు చూశాం. 10 నుంచి 13 సెంటీమీటర్ల పొడవు, 4 మిల్లీమీటర్లకు అటూఇటూ మందం ఉంటే చాలా పనులకు సరిపోతుందని చెప్పుకున్నాం. ఈసారి కంటికి కనిపించని భాగం గురించి. కత్తి కొనేటప్పుడు అందరూ మొన చూస్తారు, పదును చూస్తారు. నేను మాత్రం ముందు పిడి చూడమంటాను.

అలుగు పిడిలోకి సాగి ఉండే భాగాన్ని టాంగ్ అంటారు. అది పిడి చివరిదాకా, పిడి అంత వెడల్పుతో వస్తే ఫుల్ టాంగ్. ఇలాంటి కత్తుల్లో చాలావాటికి పిడి రెండు చెక్కల మధ్య ఉక్కు గీతలా కనిపిస్తుంది. సన్నగా తోకలా వెళ్తే ర్యాట్ టెయిల్, మధ్యలోనే ఆగిపోతే పార్షియల్ టాంగ్.

ఇదంతా ఎందుకంటే, అలుగు మీద ఎక్కడ దెబ్బ పడినా ఆ ఒత్తిడి పిడి మొదట్లోకి వచ్చి చేరుతుంది. నా మొదటి కత్తి పిడి డొల్లగా ఉండేది. లోపల అగ్గిపుల్లలు, గాలం, దారం పెట్టుకోవచ్చని ముచ్చటపడి కొన్నాను. ఒక సాయంత్రం పుల్లలు చీల్చడానికి అలుగును కట్టె మీద ఆనించి, వెన్ను మీద ఇంకో కర్రతో కొట్టాను. దీన్నే బాటనింగ్ అంటారు. మూడో దెబ్బకి అలుగు కట్టెలోనే ఉండిపోయింది, పిడి నా చేతిలోకి వచ్చేసింది. అలుగుకి చిన్న గాటు కూడా పడలేదు. పిడికి దాన్ని పట్టి ఉంచింది ఒక్క చిన్న మర, అంతే. ఒకే ఉక్కు ముక్కను తొలిచి చేసిన డొల్ల పిడి కత్తులు కూడా ఉన్నాయి. అవి గట్టివే, వాటి సంగతి వేరు.

అలాగని ఫుల్ టాంగ్ లేనిదల్లా పనికిరాదనుకోకండి. స్వీడన్ మోరా కత్తుల్లో చాలావాటికి అది ఉండదు. చెక్కడానికి, కోయడానికి అవి చాలా బాగుంటాయి. కట్టెలు చీల్చడం, మీటడం లాంటి మోటు పనులు కూడా చేయాల్సి వస్తుందనుకుంటే మాత్రం ఫుల్ టాంగే తీసుకోండి. అప్పుడు కూడా అలుగు పొడవు కన్నా లావైన కట్టె పెట్టొద్దు. మొన బయటికి కనిపించకపోతే కొట్టడానికి చోటుండదు. కణుపులున్న కట్టె అసలే వద్దు.

ఇంకో చిన్న విషయం, చాలామంది పట్టించుకోరు. అలుగు సన్నబడి టాంగ్‌గా మారే మూల గుండ్రంగా ఉండాలి. పలకగా కోసేస్తే పగులు అక్కడే మొదలవుతుంది. పిడి విప్పదీయగలిగే కత్తి అయితే ఇది తప్పకుండా చూడండి.

ఇక పిడి ఆకారం. పూర్తిగా గుండ్రంగా ఉంటే చేతిలో తిరిగిపోతుంది. కోడిగుడ్డులా కాస్త పొడుగ్గా ఉంటే చీకట్లో కూడా పదును ఎటుందో వేళ్లకు తెలుస్తుంది. ముందువైపు చిన్న అడ్డు ఉంటే, గుచ్చేటప్పుడు తడి చేయి జారి పదును మీదికి వెళ్లదు. గుడ్డ పొరల్ని రెజిన్‌తో బిగించి చేసే మికార్టా తడిలో కూడా పట్టునిస్తుంది. ఉక్కు మీద తాడు చుట్టిన పిడి చూడటానికి బాగుంటుంది కానీ, నీళ్లు పీల్చుకుని త్వరగా ఆరదు, కింద ఉక్కుకి తుప్పు పట్టే అవకాశం ఉంది.

ఈ వారం అభ్యాసం: కత్తిని ఒరలోనే ఉంచి, చేయి తడుపుకుని, కళ్లు మూసుకుని పిడి పట్టుకోండి. పదును ఎటుందో చెప్పగలుగుతున్నారా? తర్వాత చేయి తుడుచుకుని, ఒర తీసి, 20 నిమిషాలు ఎండు పుల్ల చెక్కండి. అలుగు ఎప్పుడూ ఒంటికి దూరంగా కదలాలి. ఆపాక అరచేయి చూసుకోండి. ఒక కాగితం మీద అరచేయి బొమ్మ గీసి, ఎర్రబడిన చోటల్లా గుర్తు పెట్టండి. వచ్చే పాఠంలో పిడిని ఆకురాయితో మన చేతికి తగ్గట్టు అరగదీస్తాం. ఎక్కడ అరగదీయాలో ఆ కాగితం చూసే తేల్చుకోవాలి, కాబట్టి దాచి ఉంచండి.