ఊరి బయట వీరగల్లు కనిపిస్తే ఎలా చదవాలి

మా మదనపల్లె వైపు చెరువు కట్టల మీద, పొలం గట్ల మీద కత్తి పట్టిన మనిషి బొమ్మ ఉన్న రాళ్ళు కనిపిస్తాయి. దేవుడి రాయనుకుని పసుపు పూసి దండం పెట్టేవాళ్ళే ఎక్కువ. అది వీరగల్లు, పోరులో చనిపోయినవాడి గుర్తుగా నిలిపిన రాయి.

మిట్టమధ్యాహ్నం వెళ్తే ఏమీ కనపడదు. పొద్దున్నో సాయంత్రమో ఎండ ఏటవాలుగా పడేటప్పుడు వెళ్ళండి. చెట్టునీడలో ఉంటే ఫోన్ టార్చ్‌ని రాయికి ఆనించినట్టు పక్కనుంచి వెయ్యండి, అరిగిన అక్షరాలు కూడా లేచి కనిపిస్తాయి. దయచేసి సుద్దముక్కతో రుద్దకండి, ఇనుప బ్రష్ అసలు వద్దు. పసుపు, సిందూరం మందంగా ఉంటే పూజ చేసే ఇంటివాళ్ళనే అడగండి. వాళ్ళు కడిగే రోజు తెలుసుకుని ఆ రోజు ఫోటో తీసుకోవచ్చు.

మూడు అంతస్తులుగా చెక్కిన రాయైతే కింది నుంచి పైకి చదవాలి. కింద యుద్ధం. వీరుడి పక్కన ఆవులుంటే, మందను తోలుకుపోతున్నవాళ్ళతో పోరాడి పోయాడన్నమాట. మధ్యలో అప్సరసలు అతన్ని చెరోపక్క పట్టుకుని తీసుకెళ్తుంటారు. పైన శివలింగం దగ్గర కూర్చుని ఉంటాడు. ఆ పైన సూర్యుడు, చంద్రుడు, వాళ్ళున్నంతకాలం ఇతని పేరు నిలవాలని. పాతకాలపు రాళ్ళలో ఇన్ని అంతస్తులు తక్కువ: ఒక్కడే వీరుడు, చుట్టూ నాలుగైదు పంక్తుల శాసనం. 9వ శతాబ్దంలో ఈ వైపు ఏలిన వైదుంబ రాజుల కాలం నాటి సోరెమడి యుద్ధంలో పోయినవాళ్ళకు మా ప్రాంతంలో అలాంటివి నిలిపారు.

రాయి మీద మోచేతి దగ్గర మడిచి పైకెత్తిన ఆడచెయ్యి ఉంటే అది సతికల్లు, చనిపోయిన భర్తతో పాటు చితిలో సహగమనం చేసిన ఆమె గుర్తుగా నిలిపిన రాయి. చేతికి గాజులుంటాయి, ముత్తైదువగానే పోయిందని చెప్పడానికి. అక్కడ కాసేపు ఆగండి. మగవాడికి యుద్ధం, స్వర్గం అన్నీ చెక్కి, ఆమెకు చాలాచోట్ల ఆ చెయ్యొక్కటే మిగిల్చారు. నాకది ఎప్పుడు చూసినా కడుపులో దేవినట్టుంటుంది.

ఇప్పుడు మన సమాధుల మీద నల్ల గ్రానైట్, లేజర్‌తో చెక్కిన ఫోటో, జనన మరణ తేదీలు ఉంటున్నాయి. ముఖం అచ్చంగా దిగుతోంది గానీ ఆ మనిషి ఏం చేశాడన్నది రాయడం లేదు. మీ ఇంట్లోవాళ్ళకి రాయి వేయిస్తుంటే, వాళ్ళ పనిని గురించి ఒక్క వాక్యమైనా చెక్కించండి.

వీరగల్లు దొరికితే పక్కన స్కేలు పెట్టి ముందు, వెనక, పక్కలు ఫోటో తీయండి. ఊరు, సర్వే నంబరు, ఫోన్‌లో లొకేషన్ రాసుకుని పురావస్తు శాఖకు పంపండి. రోడ్డు వెడల్పు పనులు జరిగేచోటైతే ఆలస్యం చేయకండి, జేసీబీ రాకముందే పంచాయతీలో కూడా చెప్పండి.