కారు ఇంజిన్ ఎయిర్ ఫిల్టర్‌ను ఇంట్లోనే మార్చిన నా అనుభవం

ఇంజిన్ చల్లారిన తరువాత బానెట్ ఎత్తి, ఫిల్టర్ పెట్టె క్లిప్పులు విప్పి, దగ్గరలోని సెన్సర్ వైరు లాగుకుపోకుండా మూతను కొద్దిగా పైకెత్తి చూడగా, పాత ఫిల్టర్ కాగితపు మడతల్లో దుమ్ము, ఎండుటాకుల తునకలు దట్టంగా పేరుకుని ఉన్నాయి. కొత్తది పెట్టడం కంటే పెట్టె అడుగును శుభ్రం చేయడమే ముఖ్యమని నా అభిప్రాయం, ఎందుకంటే అక్కడి ఇసుక ఇంజిన్ వైపు గొట్టంలోకి జారితే దానిని ఆపేందుకు ఫిల్టర్ అడ్డు ఉండదు, అది సిలిండర్ గోడలను గీరుతుంది. అందుకే గొట్టం మూతిని గుడ్డతో మూసి, పెట్టెను తుడిచి, ఆ గుడ్డను తీసివేసిన తరువాతే కొత్త ఫిల్టర్‌ను అమర్చాను. దాని రబ్బరు అంచు గాడిలో చుట్టూ సమంగా కూర్చుందో లేదో వేలితో తడిమి చూసి క్లిప్పులు బిగించాను. మూతను బలంగా నొక్కవలసి వస్తే ఫిల్టర్ సరిగా కూర్చోలేదనే అర్థం.